రెండోసారి ముంచిన గేజు పుల్ల

మీ ట్రాక్టర్ ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఉందో మీకు తెలుసా? గేజు పుల్ల తీసి చూశాను, తెలుసు అంటారు. సరే. ఆ పుల్ల తీసినప్పుడు బండి ఎలాంటి నేల మీద నిలబడి ఉంది? ఇంజన్ ఆపి ఎంతసేపయింది? తీసిన పుల్లను తుడిచి మళ్లీ ముంచారా, మొదటిసారి కనబడిందే నిజమనుకున్నారా?

ఈ ప్రశ్నలు నావి కావు. నావి అయి ఉంటే ఎంత బాగుండేది! ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను. ఉద్యోగం అయిపోయాక ఊరూరా తిరిగి దిష్టి మీద, దయ్యాల మీద, తాయెత్తుల మీద మాట్లాడాను, కొట్లాడాను, రాశాను. "ప్రశ్నించండి" అన్న మాటను నేను పలికినన్నిసార్లు నల్లగొండ జిల్లాలో ఇంకెవరూ పలికి ఉండరు. అయినా వేయవలసిన చోట ఈ ప్రశ్నలు వేసింది నేను కాదు, దేవరకొండ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పాత ట్రాక్టర్లు బాగుచేసుకునే ఒక మేస్త్రి. ఈ మధ్యే ఆయన పోయాడు. ఊళ్లో వ్యవసాయం చేసుకునే మా అన్న ఫోన్ చేసి చెప్పాడు.

"తమ్మీ, మన మేస్త్రి పోయిండు."

'మన' అన్నాడు. మా అన్న నా గురించి ఎవరి దగ్గరైనా ఆ మాటను ఆ గొంతుతో అన్నట్టు నాకు గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను: అసూయ. మనిషి పోయిన రోజు కూడా తగ్గని అసూయ.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే నా పేరు కంటే ఆ పేరే ఎక్కువ మందికి గుర్తుంటుంది. ఇప్పటికే చాలా ఊళ్లలో అట్లాగే ఉంది. నేను కూడా దానికి తోడు పడాలా?

పొట్టి మనిషి. కూర్చున్నా నిలబడ్డా పెద్ద తేడా తెలిసేది కాదు. ఎడమ భుజం మీద ఎప్పుడూ ఉతికిన నూలు గుడ్డ ఒకటి ఉండేది. గ్రీజు తుడుచుకునే గుడ్డ వేరే, అది నడుముకు వేలాడేది. భుజం మీది గుడ్డ గేజు పుల్ల తుడవడానికి మాత్రమే. దాన్ని ఇంకెవరూ ముట్టడానికి లేదు. ఒకసారి ఎండనపడి వచ్చిన రైతు ఒకాయన దాంతో మొఖం తుడుచుకోబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"అది గేజు గుడ్డ. దానికి దుమ్మంటితే ఇంజన్లకు వోతది. నీ మొఖం ఎట్లున్నా నడుస్తది తీయ్."

రైతులు వస్తూనే ట్రాక్టర్ దిగి, ఇంజన్ వేడి మీద ఉండగానే పుల్ల లాగబోయేవాళ్లు. ఆయన తల కూడా ఎత్తకుండా ఒకటే మాట అనేవాడు.

"ఆగు."

"ఎందుకు మేస్త్రీ, ఆయిల్ సూసుడే గద?"

"పైకి వోయిన నూనె కిందికి దిగాలె గద. నువ్వు దుక్కి దున్ని రాంగనే బువ్వ ముందట కూసుంటవా, జర సేపు నడుం వాలుస్తవా? దాన్ని గూడ జర కూసోనియ్యి."

ఆ కూర్చోనిచ్చే సమయానికి ఆయన కొలత ఒక చాయ్. గిలాస చాయ్ నింపాదిగా తాగేవాడు. గిలాస కింద పెట్టాక లేచి, పుల్ల లాగి, దాన్ని చూడకుండానే తుడిచేసేవాడు. కొత్తవాళ్లు గాబరా పడేవాళ్లు.

"అయ్యో, సూడకుంటనే తుడుస్తివి?"

"గది దాని మాట గాదు. ఇంజన్ తిరిగినప్పుడు చిల్లిన నూనె గూడ దానికే అంటుకుంటది. తుడ్సి ముంచినంక సెప్పేదే దాని మాట."

మళ్లీ చివరిదాకా దించి, తీసి, కొన కిందికి ఉండేట్టు పట్టుకుని, వెలుతురుకు తిప్పి చూసేవాడు. పుల్ల మీద రెండు గీతలుంటాయి. కింది గీతకు దిగువన ఉంటే తక్కువ, పై గీత దాటితే ఎక్కువ, నడుమ ఉంటే సరి. ఇంత చిన్న విషయానికి అంత తతంగమా అని నాకు మొదట్లో నవ్వొచ్చేది. పూజారి హారతి తిప్పినట్టు పుల్ల తిప్పుతున్నాడని ఒకసారి ఎగతాళి కూడా చేశాను. ఆయన నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడు. నాతో వాదించని మనుషులంటే నాకు పడదు.

మనుషుల విషయంలోనూ ఆయన పద్ధతి అదే. ఏదైనా రెండుసార్లు అడిగేవాడు. షెడ్డుకు వచ్చినవాళ్లను "తిన్నవా?" అనేవాడు. "తిన్న మేస్త్రీ" అనేవాళ్లు. ఆయన పానా తిప్పుకుంటూ కాసేపు ఊరుకుని, అదే గొంతుతో మళ్లీ "తిన్నవా?" అనేవాడు. రెండోసారి ఏ మనిషీ అబద్ధం చెప్పలేకపోయేవాడు. "పొద్దుగాల ఇంత గటక తాగిన" అని నసిగేవాడు. అప్పుడు మేస్త్రి తన సద్ది గిన్నె మూత తీసి సగం అటు జరిపేవాడు.

రెండు గంటలు వాదించి నేను ఎదుటివాడి కోపాన్ని మాత్రమే బయటికి తీయగలిగేవాణ్ని. ఆయన ఒకే మాటను రెండుసార్లు అని నిజాన్ని బయటికి తీసేవాడు. చెప్పండి, కడుపు మండదా?

ఇంకో మంట కూడా ఉంది. ఆ షెడ్డు గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతూ ఉండేవి. నేను ఊరుకుంటానా? వెళ్లిన మొదటి రోజే దిష్టి మీద పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఓపికగా విన్నాడు.

"మా ఇంటామె కడ్తది సారూ. నాకు దాంతోని పనే వడదు. బండి ఖరాబైతే నేను దాని దిక్కు సూస్తనా?"

"మరి తీసెయ్యొచ్చు కదా!"

"తీస్తే ఆమెకు రంది. ఉంటే నాకేం రంది లేదు."

ఆ రోజు ఆయన్ని సగం మనిషిగా లెక్కవేసుకుని ఇంటికి వచ్చాను. గుమ్మానికి నిమ్మకాయ కట్టనిచ్చేవాడు నాకు సైన్సు చెబుతాడా అనుకున్నాను. ఆ తర్వాత జరిగింది రాయడానికే ఈ కాగితం ముందు పెట్టుకున్నాను.

మా ఊరు దేవరకొండకు అవతల గుట్ట వాలులో ఉంది. చదును జాగా వెతికితే తప్ప దొరకదు. మా అన్నది ముప్పై ఏళ్లనాటి ట్రాక్టర్, ఇద్దరి చేతులు మారి వచ్చింది. బ్యాటరీలో బలం లేదు. అందుకని సాయంత్రం పొలం నుంచి రాగానే ఊరి చివరి దిగుడు మీద, ముక్కు కిందికి ఉండేట్టు నిలబెట్టి చక్రం కింద రాయి పెడతాడు. పొద్దున రాయి తీస్తే బండి దొర్లుతుంది, క్లచ్ వదిలితే ఇంజన్ అందుకుంటుంది. పాత ట్రాక్టర్లున్న రైతులు మా దిక్కు చాలామంది చేసే పనే ఇది. రాయి తీసే ముందు అన్న ఆయిల్ చూస్తాడు. ఆ విషయంలో చాలా క్రమశిక్షణ. రోజూ పుల్ల కింది గీతకు దిగువనే చూపించేది. రోజూ కొంత పోసేవాడు.

ఆ దిగుడు పక్కనే మేకల అవ్వ గుడిసె, మేకల దొడ్డి ఉన్నాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది. అన్న పుల్ల తీసే వేళకే అవ్వ దొడ్డి తడిక తీసి మేకలను తోలుకుని ఎదురొచ్చేది. ట్రాక్టర్ నీలం పొగ కక్కడం మొదలుపెట్టింది. సీళ్ల దగ్గర నుంచి నూనె కారి నేలంతా నల్లబడింది. ఎంత పోసినా మర్నాటికి తక్కువే.

"ఆయిల్ తాగుతాంది" అన్నాడు అన్న. కొన్నాళ్లకు "ముసల్ది ఎదురొచ్చినప్పటి సంది తాగుతాంది" అన్నాడు. ఆ మాట ఊరంతా పాకడానికి వారం పట్టలేదు. చివరికి నలుగురు కూర్చుని తేల్చారు: మూడో ఆదివారం కల్లా అవ్వ గుడిసె, దొడ్డి తీసి గుట్టకు అవతలికి పోవాలి. అక్కడ నీళ్లు లేవు, దీపం లేదు, పిలిస్తే పలికే మనిషి లేడు.

అవ్వ నాకు కబురు చేసింది. వెళ్లాను. గుడిసె ముందర పదిమంది చేరారు.

"నా సూపుకు ఆయిల్ ఎండుతదంట కొడుకా! కండ్లల్ల పొరలు వచ్చి నాకు నా మేకలే కనవడ్తలెవ్వు. గీ సూపు ఇంజన్ లోపటికి ఎట్ల వోతది?" అంది అవ్వ.

నేను నా సైన్సు బయటికి తీశాను. అందరూ చూస్తుండగా, ఆ దిగుడు మీదనే, ట్రాక్టర్ పుల్ల లాగాను. ఆయిల్ కింది గీతకు దిగువన ఉంది. పుల్ల ఎత్తి చూపించి తీర్పు చెప్పాను.

"చూడన్నా. పాత ఇంజన్. లోపల రింగులు అరిగినయి. అందుకే తాగుతాంది. అవ్వకు దీనికి సంబంధం లేదు. ఇంజన్ విప్పించి రింగులు మార్పియ్యి. అప్పటికీ ఆగకపోతే నన్నడుగు."

ఎంత శాస్త్రీయంగా ఉంది! ఎంత ధీమాగా ఉంది! అన్న నా మాట విన్నాడు. పట్నంలో ఇంజన్ విప్పించి కొత్త రింగులు వేయించుకొచ్చాడు. సాయంత్రం అదే దిగుడు మీద నిలబెట్టాడు. పొద్దున పుల్ల తీశాడు. కింది గీతకు దిగువన. మళ్లీ పోశాడు, మర్నాడూ పోశాడు.

అన్న ఫోన్ చేసి మూడు మాటలే అన్నాడు: "నీ సైన్సు అయిపోయింది."

మీకు అర్థమైందా నేను చేసిన పని? అంతకు ముందు ఊళ్లో ఇద్దరు ముగ్గురికైనా అనుమానం ఉండేది, ఇంజన్‌లోనే లోపమేమోనని. నేను పుణ్యం కట్టుకుని ఆ అనుమానం కూడా తీర్చేశాను. ఇంజన్ కొత్తగా అయింది, పంతులు చెప్పింది చేశాం, అయినా తాగుతున్నదంటే ఇక మిగిలింది అవ్వే. ఆమె మీద పడ్డ మాటకు నేనే మేకు కొట్టాను.

తప్పు దిద్దుకోవాలనుకున్నాను, నాకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో. గడువు పెట్టిన ఆదివారం పొద్దున ఊరి రైతు వేదిక హాల్లో ఉపన్యాసం పెట్టించాను. నలభై మంది దాకా వచ్చారు. మైకు పట్టుకుని కార్యకారణ సంబంధం మొదలుపెట్టాను. సరిగ్గా అదే వేళకు అన్న చివరి ప్రయత్నంగా మేస్త్రిని పిలిపించుకున్నాడని నాకు తెలియదు.

దిగుడు దగ్గర జరిగింది తర్వాత అవ్వ చెప్పింది. మేస్త్రి వచ్చి ఇంజన్ వైపు చూడలేదట. చక్రం కింది రాయిని చూశాడట.

"ఎప్పుడూ ఈడ్నే సూస్తవా ఆయిల్?"

"నేనేమన్న పిచ్చోన్నా, బండి ఏడుంటే ఆడ సూస్త."

కాసేపాగి, "ఈడ్నేనా?"

"ఈడ్నే మేస్త్రీ. బ్యాటరీ పడ్డది. ఇంకేడ వెట్టినా లేవది."

మేస్త్రి పుల్ల తుడిచి ముంచాడు. తక్కువ. అవ్వను గుడిసెలోకి పంపి తడిక వేయించి ముంచాడు. అంతే తక్కువ. అవ్వను పిలిచి బండికి ఎదురుగా నిలబెట్టి ముంచాడు. అంతే. "నువ్వు సూసినా గంతే, సూడకున్నా గంతే అవ్వా. ఇగ దా, నా ఎంబడి నడువు" అన్నాడట. తర్వాత ఊళ్లో చదునుగా ఉన్న జాగా ఏదని అడిగాడు. మా ఊళ్లో చదునుగా ఉన్నది ఒక్కటే, రైతు వేదిక ముందరి సిమెంటు నేల.

నేను గంభీరంగా ఒక వాక్యం మధ్యలో ఉండగా, ట్రాక్టర్ నీలం పొగ కక్కుకుంటూ వచ్చి గుమ్మం ముందు ఆగింది. వెనక అవ్వ, అవ్వ వెనక మేకలు. కుర్చీలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. చివరికి మైకూ నేనూ మిగిలాం. మైకు ఆపి నేనూ బయటికి వచ్చాను.

అన్న పుల్ల లాగబోయాడు.

"ఆగు."

ఎవరో చాయ్ తెచ్చి ఇచ్చారు. ఆయన సిమెంటు గట్టు మీద కూర్చుని తాగుతుంటే నలభై మంది కిక్కురుమనకుండా నిలబడ్డారు. జీవితంలో ఏ సభలోనూ నాకు దొరకని నిశ్శబ్దం అది. ఒక మనిషి చాయ్ తాగడానికి దొరికింది.

ఈసారి కొంత చాయ్ గిలాసలోనే ఉంచి, గట్టు మీద పెట్టి లేచాడు. పుల్ల లాగి, చూడకుండా తుడిచి, ముంచి, తీశాడు. నూనె పై గీతను దాటి నాలుగు వేళ్ల ఎత్తున ఉంది. అన్న కళ్లు నులుముకున్నాడు. మేస్త్రి అవ్వను ఎదురుగా నిలబెట్టి మళ్లీ తుడిచి ముంచాడు. నాలుగు వేళ్లు. గోడ వెనక్కి పంపి ముంచాడు. నాలుగు వేళ్లు.

"గిదేంది మేస్త్రీ! పొద్దుగాల తక్కువుండె గద?"

మేస్త్రి గట్టు మీది చాయ్ గిలాస తీసి కొంచెం వంచాడు. "సూడు. వంచితే ఒక దిక్కు ఎక్కుతది, ఒక దిక్కు దిగుతది. చాయ్ గంతే ఉన్నది. నీ బండి ముక్కు కిందికుంటే నూనె ముందటికి వోతది. గేజు ఎనక దిక్కున్నది, దానికి అందది. నువ్వు తక్కువనుకోని పోస్తివి, రోజూ పోస్తివి. అది తాగుతలేదు పటేలా. మింగలేక కక్కుతాంది."

"నన్ను సుత గట్లనే వంచిన్రు గదరా!" అంది అవ్వ గోడ వెనక నుంచి. జనం ఘొల్లున నవ్వారు. అన్న నవ్వలేదు.

అప్పుడు మేస్త్రి నా వైపు తిరిగాడు.

"సారూ, మొన్న నువ్వు గూడ పుల్ల సూసినవంట గద?"

"చూసిన."

ఆయన పుల్లను పైనుంచి కిందిదాకా నింపాదిగా తుడిచాడు. "సూసినవా?"

నలభై జతల కళ్లు నా మీద ఉన్నాయి.

"చూసిన. దిగుడు మీదనే. తుడవలేదు."

తల ఊపాడు. ఇంజన్ కిందికి దూరి నట్టు వదులు చేసి, ఎక్కువైన నూనెను డబ్బాలోకి వంపాడు. నట్టు బిగించి, మళ్లీ ఆగి, మళ్లీ తుడిచి, మళ్లీ చూశాడు. పై గీత దగ్గర వచ్చి నిలిచింది. నలుగురు తోసి స్టార్ట్ చేస్తే మొదట కొంత పొగ వచ్చి, మెల్లమెల్లగా పలచబడింది.

అవ్వ గుడిసె కదలలేదు. అన్న కొత్త బ్యాటరీ వేయించాడు. ఇప్పుడు మా ఊళ్లో ఏ పంచాయితీ వచ్చినా, ఎవరు ఎవరి మీద ఏ మాటన్నా, ఎవరో ఒకరు "సదును మీద పెట్టి సూసినవా?" అని అడుగుతారు. ఎన్నేళ్లు రాశాను నేను! నా వాక్యం ఒక్కటి కూడా వాళ్ల నోట్లో లేదు. నేను బోర్డు మీద సుద్దముక్కతో గీసిన ప్రయోగాన్ని ఆయన ఒక ముసలమ్మనూ ఒక పుల్లనూ పెట్టి చేసి చూపించాడు. దానికి ఏ పేరూ పెట్టలేదు. నా తప్పును నలభై మంది ముందు నా నోటితోనే చెప్పించి, దాని మీద ఒక్క ఎగతాళి కూడా చేయలేదు. ఆయన నన్ను తిట్టి ఉంటే ఈపాటికి క్షమించి ఉండేవాణ్ని.

చివరిసారి చూసింది నిరుడు. షెడ్డు ముందర పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. దగ్గు. మనిషి ఇంకా చిన్నవాడయ్యాడు. గుడ్డ మాత్రం భుజం మీదనే ఉంది. చాయ్ తెప్పించాడు.

"అవ్వకు జెప్పినవా సారూ?"

"ఏం చెప్పాలె?"

"నువ్వన్నది తప్పయిందని. నీ మాటతోని ఆమెకు ఎక్కువ కష్టమైందని."

"చెప్పిన."

ఆయన చాయ్ ఊదుకుంటూ రోడ్డు వైపు చూశాడు. ఒక లారీ పోయింది. నాకు తెలుసు, రెండోసారి అడుగుతాడని.

"జెప్పినవా?"

"లేదు."

ఊఁ అన్నాడు, అంతే. నేను కోపంగా లేచి వచ్చేశాను. నిమ్మకాయ కట్టుకున్నవాడు నన్ను నిలదీస్తాడా అని దారి పొడుగునా గొణుక్కున్నాను. మళ్లీ ఆ షెడ్డు వైపు వెళ్లలేదు. ఏడాది గడిచింది, ఆయన పోయాడు.

మేస్త్రి దినం నాడు మా ఊరికి వెళ్లాను. అన్న ఇంటికంటే ముందు దిగుడు పక్కకు నడిచాను. అవ్వ మేకపిల్లకు ఆకు మేపుతోంది. నిలబడే చెప్పాను.

"అవ్వా, ఆనాడు పుల్ల చూసి నేను చెప్పింది తప్పు. నా మాట వల్లే నీ మీద నింద గట్టిపడింది."

అవ్వ తల ఎత్తలేదు. "నాకెరుక లేదా కొడుకా? ఎప్పటి సందో ఎరికే."

"మరి ఒక్కనాడన్నా అడగలేదేం?"

"అడుగుదామనే అనుకున్న. మేస్త్రే అన్నడు, సారు ఒస్తడవ్వా, నువ్వడగకు, జర ఆగు అని." అప్పుడు నా వైపు చూసింది, కళ్లు చికిలించి. "చానా సేపు ఆపితివి గదరా!"

అక్కడా ఆయనే ముందున్నాడు. నా పశ్చాత్తాపం ఎంతసేపటికి కిందికి దిగుతుందో కూడా అంచనా వేసి పోయాడు. దానికి కూడా నాకు అసూయగానే ఉంది.

ఇక మీరు. ట్రాక్టరో, పంటో, కాపురమో, ఏదో ఒకటి చెడిందని ఈ మధ్య ఎవరి మీదనో వేలు చూపించే ఉంటారు. ఆ వేలు దించండి. బండిని చదును మీదికి తొయ్యండి. ఇంజన్ ఆపండి, ఒక చాయ్ తాగేంతసేపు ఆగండి. పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడండి. మీరన్నది తప్పని తేలితే, నాలాగా మధ్యలో ఒక మనిషి పోయేదాకా ఆగకండి. అదే రోజు ఆ గుమ్మం ముందుకు నడిచి వెళ్లి, నిలబడి, చెప్పండి.